విలన్‌కి పులిపిరి ఉండదు

మొన్న ఆదివారం మా అన్నయ్య కూతురు నన్ను మ్యాట్నీకి లాక్కెళ్ళింది. కొత్త సినిమా కాదండోయ్! పాత హిట్లకి దుమ్ము దులిపి, రంగులు తోమి, శబ్దం సరిచేసి ‘రీ-రిలీజు’ అంటూ వదులుతున్నారే, ఆ బాపతు. హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో హాలు కిటకిటలాడిపోతోంది. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు మూడుసార్లు చూసిన చిత్రం అది. పేరు మాత్రం చెప్పను. చెబితే ఆ హీరోగారి అభిమానులు వచ్చేవారం ఈ పేజీ ఉండనివ్వరు!

తెర మీద హీరో హీరోయిన్ వెంట పడుతున్నాడు. బస్టాపు నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి గుడికి, గుడి నుంచి వాళ్ళింటి పిట్టగోడకి. ఆవిడ "ఛీ పో" అన్నకొద్దీ హాల్లో ఈలలు. మా పిల్ల పాప్‌కార్న్ నములుతూ తాపీగా అంది: "షీ టీమ్స్‌కి ఒక్క వాట్సాప్ కొడితే ఇంటర్వెల్ లోపే శుభం కార్డు పడేది కదా బాబాయ్!"

ముందు వరసవాళ్ళు కూడా వెనక్కి తిరిగి నవ్వారు. నేనూ నవ్వబోయాను. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకంటారా? చెప్పాలా వద్దా అని వారం రోజులు తటపటాయించాను. చెప్పేస్తాను.

ఆ సినిమా వచ్చిన ఏడు నేను తణుకులో డిగ్రీ మొదటి సంవత్సరం. 2008 ప్రాంతం. నేను, రాంబాబు, ప్రసాదు. ముగ్గురికీ కలిపి రెండు సైకిళ్ళు. పక్క ఊరి నుంచి పల్లెవెలుగు బస్సులో ఒకమ్మాయి దిగేది. బస్టాండు నుంచి కాలేజీ దాకా ముందు ఆమె నడక, వెనక మా సైకిళ్ళు. ప్రసాదు ఆ సినిమాలో పాటే అందుకునేవాడు. రోజూ ఇదే. వాన పడినా సరే. రెండు నెలలు. మేమేం పాపం చెయ్యలేదండీ! ఒక్కనాడు ముట్టుకోలేదు, ఒక్క పాడు మాట అనలేదు. నా లెక్కలో అది స్వచ్ఛమైన ప్రేమ!

ఒకరోజు ఆమె ఆగి వెనక్కి తిరిగింది. "మీకు దణ్ణం పెడతానండీ, నా వెనక రావద్దు" అంది. గొంతు వణికింది. ఆ వణుకు నాకు ఇప్పుడు వినపడుతోంది గానీ ఆ రోజు వినపడలేదు. రాంబాబు నా వీపు చరిచి, "మావా! మాట్లాడింది రా! ఇంక పడిపోయినట్టే!" అన్నాడు. ఆ సాయంత్రం ముగ్గురికీ నా డబ్బులతో మిరపకాయ బజ్జీలు.

ఇంకో పది రోజులకి ఆమె ఆ బస్సు దిగడం మానేసింది. చదువు మాన్పించేశారనీ, శ్రావణంలో పెళ్ళి చేసేశారనీ వాళ్ళ ఊరి కుర్రాడెవరో చెప్పాడు. నేను వారం రోజులు గడ్డం పెంచాను. భగ్న ప్రేమికుణ్ణి కదా మరి! మా మూలంగానే మాన్పించారా అన్న ప్రశ్న మా ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు.

ఈ సంగతి మళ్ళీ ఎలా పైకొచ్చిందంటే, పోయినేడు నాకో పని తగిలింది. దేశంలో ఎక్కడ ఘోరం జరిగినా పత్రికల వాళ్ళు నాలాంటి విడి జర్నలిస్టుకి ఫోను చేసి ఒక వ్యాసం అడుగుతారు: "సినిమాలు చూసి కుర్రకారు చెడిపోతోందా?" ఒక డాక్టరు గారి మాట, ఒక దర్శకుడి మాట, చివర్లో తల్లిదండ్రులకి ఒక హితవు. రెండు గంటల పని. అప్పటికి మూడుసార్లు రాశాను. నాలుగోసారి ఎందుకో సిగ్గేసి, అసలు ఈ నేరాలు చేసేవాళ్ళ మనసు మీద మానసిక శాస్త్రజ్ఞులు ఏం పరిశోధించారో, ముందే ఆపడానికి ఏం చేసి చూశారో చదవడం మొదలెట్టాను. వ్యాసం గడువు దాటిపోయింది. చదవడం మాత్రం ఆగలేదు.

మొట్టమొదట పోయింది మన విలన్. మన వెండితెర అతనికో రూపం ఇచ్చింది. రాజనాల, సత్యనారాయణ, రావు గోపాలరావు... బుగ్గమీద పులిపిరి, మెళ్ళో గొలుసు, ఓ వికటాట్టహాసం. బయట ఉరుములు, లోపల దీపం ఆరిపోవడం. దీపం ఆరిందంటే నేల తరగతిలో కూర్చున్న వాళ్ళకి కూడా సంగతి అర్థమైపోయేది. జీవితంలో అలాంటివాడు ఎదురైతే మనం ఇట్టే గుర్తుపట్టేస్తాం. చిక్కేమిటంటే, అతను ఎదురవడు. మన దేశంలో ఏటా నమోదయ్యే నేరాల లెక్క కట్టే ఎన్.సి.ఆర్.బి. 2022 పుస్తకం ప్రకారం ఆ ఏడు 31,516 అత్యాచారం కేసులు. వాటిలో నూటికి 95కి పైగా కేసుల్లో నిందితుడు ఆమెకి తెలిసినవాడే! బంధువు, పొరుగువాడు, స్నేహితుడు, పనిచేసే చోటి మనిషి. (పెళ్ళి చేసుకుంటానని నమ్మించి మోసం చేశాడన్న కేసులూ ఈ లెక్కలో ఉన్నాయి. అది కూడా చెప్పకపోతే తప్పు.)

2012 డిసెంబరులో ఢిల్లీ బస్సు ఘోరం జరిగాక, మధుమితా పాండే అనే ఇరవై రెండేళ్ళ అమ్మాయి ఇంగ్లండులో పిహెచ్.డి. కోసం ఓ సాహసం చేసింది. 2013 నుంచి తీహారు జైలుకి వెళ్ళి, అత్యాచారం కేసుల్లో శిక్షపడిన వంద మందికి పైగా ఖైదీలతో కూర్చుని మాట్లాడింది. రాక్షసుల్ని చూడబోతున్నాననుకుని వెళ్ళిందట. తీరా చూస్తే మామూలు మనుషులు! వాళ్ళు పెరిగిన తీరే అలాంటిది. ఆమె ఒప్పుకోవడం అనే ముక్క ఒకటుంటుందనే చాలామందికి తోచలేదు. కొందరు తాము చేసింది అత్యాచారమే కాదన్నారు. తప్పు ఆమెదేనన్నవాళ్ళూ ఉన్నారు.

చదువులేని వాళ్ళు గనక అలా అంటారు లెండి, అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. అమెరికాలో మేరీ కాస్ అనే మానసిక శాస్త్రజ్ఞురాలు 32 కాలేజీల్లో 6,159 మంది విద్యార్థీ విద్యార్థినులను అడిగి 1987లో ఫలితాలు అచ్చువేయించింది. ఆమె ఉపాయం చూడండి. ‘అత్యాచారం’ అన్న మాటే వాడలేదు. ఫలానా పని, ఆమె వద్దంటున్నా బలవంతంగా చేశారా, అని విడివిడిగా పనుల పేర్లు పెట్టి అడిగింది. చట్టం ప్రకారం చూస్తే అత్యాచారమే అయిన పనికి "చేశాను" అని జవాబు రాసిన కుర్రాళ్ళు తేలారు. పేరు పెట్టి అడిగితే మాత్రం వాళ్ళలో నూటికి 84 మంది "అబ్బే, అది ముమ్మాటికీ అత్యాచారం కాదు" అన్నారు! తన సినిమాలో ప్రతివాడూ హీరోయే మరి.

ఇక్కడ ఒక మాట. సైకిలేసుకుని వెంటపడిన ప్రతివాడూ రేపు పొద్దున అంతటి ఘాతుకం చేస్తాడని ఎవరూ అనలేదు. నేనూ అనట్లేదు. కానీ "వద్దంటే కావాలని అర్థం" అనే ఒక్క నమ్మకం మాత్రం ఆ జైల్లోనూ ఉంది, మా బజ్జీల బండి దగ్గరా ఉంది.

మరి ఆ నమ్మకం మనకి ఎక్కడిది? సినిమాదేనా? మన పేజీకి అసలైన ప్రశ్న ఇదే. జవాబు కోసం కెనడాలో ఏకంగా ఒక సినిమా ప్రయోగమే చేశారు. చదువుతుంటే నాకు థ్రిల్లర్ చూస్తున్నట్టుంది.

నీల్ మాలముత్, జేమ్స్ చెక్ అనే ఇద్దరు. మానిటోబా విశ్వవిద్యాలయం, విన్నిపెగ్ నగరం. వాళ్ళ వ్యాసం 1981లో వచ్చింది. లెక్కలోకి వచ్చిన విద్యార్థులు మొత్తం 271 మంది. "సినిమాలకి మార్కులు వెయ్యాలి, వస్తారా?" అని అడిగి, వచ్చిన వాళ్ళకి క్యాంపస్ థియేటర్లోనే రెండు సాయంత్రాలు రెండు సినిమాలు చూపించారు. కొందరికి ‘స్వెప్ట్ అవే’, ‘ద గెటవే’. మిగతావాళ్ళకి ‘ఎ మాన్ అండ్ ఎ ఉమన్’, ‘హూపర్’. ఇవేవీ చాటుమాటు బూతు చిత్రాలు కావు, పేరున్న సినిమాలే. అయితే మొదటి జతలో ఒక తమాషా ఉంది. మగవాడు దౌర్జన్యం చేస్తాడు, ఆ దౌర్జన్యం చేసినవాడి మీదే ఆడదానికి మనసవుతుంది. పొగరుబోతు అమ్మాయికి చెంపదెబ్బ, మరుసటి రీల్లో యుగళగీతం... మనకి కొత్తేమీ కాదు కదూ!

అసలు మెలిక తర్వాత ఉంది. కొన్ని రోజులు ఆగి, క్లాసు రూములో అందరికీ ఒక ప్రశ్నల కాయితం పంచారు. సినిమాలకీ దానికీ సంబంధం ఉందని ఎవరికీ అనుమానం రాకుండా చాలా ప్రశ్నల మధ్య అసలువి కలిపేశారు. తేలిందేమిటయ్యా అంటే, మొదటి జత చూసిన కుర్రాళ్ళలో, ఆడవాళ్ళ మీద చెయ్యి చేసుకోవడం పెద్ద తప్పేం కాదన్న ధోరణి పెరిగింది. రెండే రెండు సినిమాలకి! అమ్మాయిల జవాబులు మాత్రం కాస్త ఎదురుగా మొగ్గాయి. మొగ్గు చిన్నదే, లెక్కకి గట్టిగా నిలవలేదు. అయినా అది చదివినప్పుడు నాకు మా అన్నయ్య కూతురు గుర్తొచ్చింది. ఒకే హాలు, ఒకే తెర. ఈల వేసినవాడు చూసిన సినిమా వేరు, ఆ పిల్ల చూసిన సినిమా వేరు.

అయితే కొలిచింది అభిప్రాయాన్నే గానీ నేరాన్ని కాదు. మాలముత్ గారే తర్వాత ఏళ్ళ తరబడి తవ్వి తేల్చిందేమిటంటే, ఆడవాళ్ళంటే లోపల ముందే కసి ఉన్నవాడికి ఇలాంటి దృశ్యాలు ఆజ్యం పోస్తాయి. ఆ కసి లేనివాడి మీద వాటి ప్రభావం అంతంత మాత్రం. కాబట్టి "అంతా సినిమాల వల్లే" అనే పెద్దలకీ, "సినిమాని సినిమాలా చూడండి" అనే మా నిర్మాతలకీ ఇద్దరికీ మొండిచెయ్యే!

2015 జనవరిలో ఆస్ట్రేలియాలోని హోబార్ట్ కోర్టులో ఏమైందో చూడండి. ఇద్దరు ఆడవాళ్ళని వెంటాడిన కేసులో మన దేశస్థుడొకడు నేరం ఒప్పుకున్నాడు. అతని లాయరు గారు ఏం వాదించారనుకున్నారు? హిందీ సినిమాలు చూసి పెరిగాడు, వదలకుండా వెంటపడితే అమ్మాయి ఒప్పుకుంటుందని నమ్మాడు, అని! జైలు తప్పింది. ఐదేళ్ళు బుద్ధిగా ఉండాలన్న షరతు మీద వదిలారు. పేపర్లో ఆ ముక్క చదివి మన పరిశ్రమ వాళ్ళు చాలామంది నవ్వుకున్నారు. నాకు మాత్రం వెన్నులో చలి పుట్టింది. ఆ బోనులో నిలబడినవాడు చెప్పినది నా కథే కదా.

అదే ఏడు మిషిగన్ విశ్వవిద్యాలయంలోని జూలియా లిప్‌మన్ ఇంకో పరీక్ష ఫలితాలు అచ్చువేసింది. ఈసారి చూసినవాళ్ళు యువతులు. కొందరికి ‘దేర్ ఈజ్ సమ్‌థింగ్ అబౌట్ మేరీ’ వంటి నవ్వుల సినిమా. అందులో వెంటపడటం ఓ సరదా. కొందరికి ‘స్లీపింగ్ విత్ ద ఎనిమీ’ తరహా. అందులో వెంటపడేవాడు భయపెడతాడు. ఇంకొందరికి పెంగ్విన్ పక్షుల డాక్యుమెంటరీ! భయపెట్టే సినిమా చూసినవాళ్ళు, వెంటపడటాన్ని తేలిగ్గా తీసుకునే అభిప్రాయాలకి దూరం జరిగారు. సరదా సినిమాని నిజంలా నమ్మి అందులో లీనమైపోయినవాళ్ళు దగ్గర జరిగారు. అదీ అసలు కష్టం. నన్నెవరైనా వెంటాడితే ‘ఎంత ప్రేమో పాపం’ అనుకోవాలా, పోలీసులకి చెప్పాలా అని ఆ అమ్మాయే తేల్చుకోలేకపోతే?

ఈ రంగంలో అందరూ చెప్పుకునే కొలబద్ద ఒకటుంది. మార్తా బర్ట్ అనే ఆవిడ మినెసోటా రాష్ట్రంలో 598 మందిని అడిగి 1980లో అచ్చువేసింది. ఆమె బట్టల్లోనే ఏదో ఉండి ఉంటుంది, గట్టిగా ఎదిరిస్తే జరిగేదే కాదు... ఇలాంటి లోకం మాటలకి మనం ఎంతవరకు తలూపుతామో కొలిచే ప్రశ్నలవి. ఒకరాత్రి తలుపేసుకుని ఆ కాయితం నింపాను. ఇప్పటి నాలా కాదు, 2008 నాటి నాలా. మార్కులు ఎన్నొచ్చాయో అడక్కండి.

సరే, శిక్షపడిన వాళ్ళని మార్చడం కుదురుతుందా? ఇక్కడ మన సినిమా క్లైమాక్స్ ఒకటి బోల్తా కొడుతుంది. చివరి రీల్లో విలన్ హీరోయిన్ కాళ్ళమీద పడి భోరుమంటాడు చూడండి, మనం కూడా కళ్ళు తుడుచుకుని క్షమించేస్తాం. కెనడాలో కార్ల్ హాన్సన్, మోనిక్ బుసియేర్ 61 పరిశోధనలను కలిపి 1998లో లెక్కకట్టారు. విడుదలయ్యాక నాలుగైదేళ్ళలో మళ్ళీ లైంగిక నేరంలో దొరికినవాళ్ళు నూటికి 13 మంది చొప్పున. దొరకని వాళ్ళ లెక్క దేవుడికెరుక. విచిత్రమేమిటంటే, నేరం ఒప్పుకున్నాడా, బాధితురాలి మీద జాలిపడ్డాడా అన్నది చూసి, మళ్ళీ చేస్తాడో చెయ్యడో చెప్పలేమట! తరవాత హాన్సన్ బృందం ప్రొబేషన్ అధికారులకోసం ‘స్టేబుల్-2007’ అనే పట్టిక తయారుచేసింది. అందులో చూసేవి వేరు. ఆడవాళ్ళంటే కసి ఉందా? చీటికీ మాటికీ ఆవేశమా? ఇంకోటి, నన్ను పట్టుకుని కూర్చోబెట్టినది: ఇతని చుట్టూ ఉన్న మనుషులెవరు? వాళ్ళు మంచివైపు లాగుతారా, చెడువైపా?

ఇంగ్లండు, వేల్సు జైళ్ళలో 1990ల మొదట్నుంచి ఓ శిక్షణ నడిపారు. ఖైదీలను గుంపుగా కూర్చోబెట్టి, తమ నేరాల గురించి మాట్లాడించి, బుద్ధి మార్చే ప్రయత్నం. అందరూ మెచ్చుకున్నారు. 2017లో ప్రభుత్వమే లెక్క తీసింది. శిక్షణ పొందిన 2,562 మందిలో నూటికి 10 మంది మళ్ళీ లైంగిక నేరం చేశారు. పొందనివాళ్ళలో 8 మందే! మందు వేసుకున్నవాడికే జబ్బు కాస్త ఎక్కువైనట్టు. ఆ కార్యక్రమం ఎత్తేసి వేరేది పెట్టారు. ఎందుకిలా అయింది? ఒకరి కథ ఒకరు వింటూ కూర్చుంటే "అందరూ నాలాంటి వాళ్ళే కదా" అన్న ధైర్యం వచ్చిందేమోనని ఆ నివేదికలోనే ఒక ఊహ ఉంది. తమ లెక్క తమకే ఎదురు తిరిగినా దాచకుండా అచ్చువేశారు చూడండి, దానికి మాత్రం నేను దణ్ణం పెడతాను.

అక్కడ నాకు రాంబాబు చెయ్యి నా వీపుమీద పడినట్టయింది. నేను ఇన్నాళ్ళూ తెరనే చూస్తూ వచ్చాను. పక్క సీటుని చూడలేదు. "పడిపోయినట్టే మావా" అన్నది సినిమా కాదు, వాడు. వాడలా కాకుండా "ఒరేయ్, ఆ పిల్ల ఏడుస్తోందిరా, ఆపు" అని ఉంటే? అంతెందుకు, నేనే అనుకుని ఉంటే? కెనడాలోనే వాల్టర్ డెకెసెరెడీ అనే ఆయన 1988 నుంచి ఈ సంగతే చెప్తున్నాడు. ఆడవాళ్ళని హింసించే మగవాడి వెనకాల భుజం తట్టే మగ స్నేహితులు ఉంటారని.

అందుకే కాబోలు, నేరం జరిగాక చేసే వైద్యం కంటే, పక్కవాళ్ళని ముందే తయారుచేసే పద్ధతుల్లో కాస్త ఆశ కనిపిస్తోంది. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో 26 హైస్కూళ్ళు తీసుకుని సగంలో ‘గ్రీన్ డాట్’ అనే శిక్షణ ఇచ్చారు. నలుగురూ మాట వినే పిల్లల్ని పట్టుకుని, తోటివాడు హద్దు దాటుతుంటే ఎలా అడ్డుపడాలో నేర్పించడం. ఐదేళ్ళు చూసి 2017లో చెప్పారు: శిక్షణ ఇచ్చిన బడుల్లో బలవంతాలు తగ్గాయని. మన ముంబయిలో ఇంకా బావుంది. క్రికెట్! ‘పరివర్తన్’ అని, బడిపిల్లలకి బ్యాటింగు నేర్పే కోచ్‌ల చేతే ఆడవాళ్ళని గౌరవించడం గురించి నాలుగు మాటలు చెప్పించారు. నాన్న చెబితే వినని కుర్రాడు కోచ్ చెబితే వింటాడు కదా! పిల్లల ఆలోచనలు మెరుగయ్యాయి గానీ, ఎదటివాడిని ఆపే తెగువ విషయంలో మార్పు పెద్దగా కనపడలేదట. నిజమే మరి, స్నేహితుణ్ణి ఆపడం ఫాస్ట్ బౌలింగు ఆడటం కంటే కష్టం.

మనవాళ్ళ సంగతికొస్తే, వెంటపడటాన్ని విడి నేరంగా చట్టంలో రాసిందే 2013లో. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను. మొదటిసారికి మూడేళ్ళ దాకా జైలు. హైదరాబాదులో షీ టీమ్స్ 2014 అక్టోబరులో మొదలయ్యాయి. మఫ్టీలో తిరుగుతూ పోకిరీలను వీడియోతో సహా పట్టుకుంటారు. చాలామందికి ఇంట్లోవాళ్ళ ఎదుట కౌన్సెలింగు చేసి పంపుతారు. వీడియోలో తన కొడుకుని చూసిన తల్లి ముఖం ఎలా ఉంటుందో! మా అమ్మ ముఖం ఊహించుకుని ఆపేశాను.

సినిమా అయ్యాక మా అన్నయ్య కూతురికి ఇరానీ చాయ్ తాగిస్తూ తణుకు కథంతా చెప్పాను. వింటుందే గానీ మాట్లాడలేదు. చివరికి, "ఆవిడకి సారీ చెప్పావా?" అంది.

ఆ రాత్రే రాంబాబుకి ఫోను చేశాను. వాడిప్పుడు రాజమండ్రిలో ఎరువుల వ్యాపారం. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. పెద్దది ఇంటర్ చదువుతోంది, రోజూ బస్సులో వెళ్ళొస్తుంది. సంగతి చెప్పేసరికి కాసేపు అవతల్నుంచి మాట లేదు. "ఆ అమ్మాయి ఎక్కడుందో కనుక్కోనా? వాళ్ళ ఊళ్ళో మా డీలరున్నాడు" అన్నాడు.

"వద్దురా. మళ్ళీ ఆవిణ్ణి వెతకడం ఎందుకు?" అన్నాను.

"అదీ నిజమేలే" అన్నాడు వాడు. "ఉండు మావా, పిల్ల బస్సు దిగే టైమైంది. బస్టాండుకి వెళ్ళాలి."